ఎవరి వేషం కడితే వాళ్ళింటి మంచినీళ్ళు

ముప్పై ఏళ్ళు నిండకముందే విశ్రాంతి తీసుకున్న ఉద్యోగిని మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి. నేను భాగోతం మేళంలో హాస్యగాణ్ణి. మీసాలు రాకముందే ముఖానికి రంగు పూసుకున్నాను, ఈ ఏడే కడిగేసుకున్నాను. గొంతు పోలేదు, మోకాళ్ళు పోలేదు, జనం తరిమికొట్టనూ లేదు. పెళ్ళి కుదిరింది, అంతే. కాబోయే మామగారు ఒక్కటే షరతు పెట్టారు.

"పిల్లనిస్త గని, ఊరందరు సూసి నవ్వేటోనికి ఇయ్య."

"ఊరు నన్ను సూసి నవ్వది మామా, నాల తనను సూస్కొని నవ్వుతది" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా వృత్తి జీవితంలో నేను పూర్తిగా ఓడిపోయిన ప్రేక్షకుడు ఆయనొక్కడే. ఇప్పుడు ఆయన కిరాణా దుకాణంలో బెల్లం తూస్తున్నాను.

మేళంలోకి కొత్తగా ఇద్దరు వచ్చారట. హాస్యగాడి పని అంటే కిందపడటం, నాలుక బయటపెట్టడం అనుకుంటున్నారట. కిందపడటం ఒక్క పూటలో వస్తుంది, నాకైతే నేర్చుకోకుండానే వచ్చింది. అసలు పని వేరు. ఊరు ఎవర్ని చూసి నవ్వాలనుకుంటోంది, ఎందుకు నవ్వాలనుకుంటోంది, ఆ నవ్వుకు మనం ఏం చేయాలి, ఇదీ పని. నాకు ఇది సూర్యాపేటలో ఒక ఉర్దూ ముంషీగారి వల్ల తెలిసింది. ఆ ముసలాయన మళ్ళీ బడి గడప తొక్కుతాడా లేదా అన్నది నా వేషం మీద ఆధారపడిన రోజులవి. అక్కడికి కోదాడ, మిర్యాలగూడల మీదుగా వెళ్ళాలి. కాస్త చుట్టే, కానీ మేళం ఏ రోజూ తిన్నని దారిలో నడవలేదు.

ఫర్మాయిష్

మేళాన్ని పిలిపించిన వాళ్ళకు ఒక హక్కు ఉండేది. ఆట మొదలయ్యే ముందు హాస్యగాణ్ణి పక్కకు పిలిచి, ఊళ్ళో ఫలానా మనిషి వేషం కట్టమని చెవిలో చెప్పేవారు. దాన్ని ఫర్మాయిష్ అనేవాళ్ళం. అది అయ్యాకే అసలు కథ. రాజులూ రాణులూ ఎంత గొప్పవాళ్ళయినా ఊరి కరణం నడక అయ్యేదాకా తెర వెనక నిలబడాల్సిందే.

మా మేళం పెద్ద లచ్చయ్య మామ. చదువు లేదు, కోపం లేదు, రెండూ లేకుండా పాతికమందిని నడిపాడు. ఆయన నాకు పెట్టిన నియమం ఒక్కటే.

"ఎవని వేషం కడ్తవో, వానింటికి పోయి నీళ్ళు తాగొచ్చినంకనే రంగు ముట్టు."

"నాకు దూప కాకపోతే?"

"దూప కోసం గాదుర పిచ్చోడా. బజార్ల మనిషి వేరు, కడప లోపలి మనిషి వేరు. నీళ్ళిచ్చేటప్పుడు వాడు కడప లోపల ఉంటడు. గప్పుడు సూడు."

"ఇయ్యకపోతే?"

"ఇయ్యనోనిది కండ్లు మూస్కొని కట్టు."

మా కులం వాళ్ళకు కొన్ని ఇళ్ళల్లో పైనుంచి దోసిట్లోకి పోసేవారు. గడీలలో అదీ లేదు. దొరల వేషం నాకు బాగా కుదురుతుందని పేరు రావడానికి కారణం అదే. అయితే ఏ దొర వేషమైనా ఆయన ఊళ్ళో కట్టలేదు, పక్క ఊళ్ళో కట్టాను. నా ధైర్యానికి పొలిమేర ఉండేది. నవాబు పాలన పోయి సర్కారు మారాక దొరలు పట్నం వెళ్ళిపోయారు, అప్పుడు ప్రతి ఊరూ దొర వేషమే కావాలంది. అవతలివాడు తిరిగి కొట్టలేడని ఖాయం అయ్యాక నవ్వుకు ఎంత బలం వస్తుందో ఆ ఏడు చూశాను.

కోదాడలో రాణి

కోదాడకు మేం వెళ్ళేసరికి, అంతకు కొన్నాళ్ళ ముందే కోస్తా నుంచి ఒక నాటకం కంపెనీ వచ్చి వెళ్ళింది. రంగులేసిన తెరలు, హార్మోనియం, తెర మీద మేడలు, మేడ మీద చందమామ. మా తెర అంటే ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకున్న ధోవతి. అందులో ఒకడికి తుమ్ములు.

మా రాణి గోపయ్య. యాభై దాటినవాడు. కథలో రాణి అడవిలో బిడ్డను పోగొట్టుకుని ఏడుస్తుంది. నిరుడు అదే ఊళ్ళో అదే ఏడుపుకు ఆడవాళ్ళు కొంగులు తడుపుకున్నారు. ఈసారి ముందు వరుసలోంచి ఒకడు లేచాడు.

"ఏమండోయ్ రాణీగారూ, ఏడుపు తర్వాత చూద్దురుగానీ, ముందా గడ్డం గీయించుకోండి!"

ఇంక చూడండి. ఆ పూట రాణి నోరు తెరిస్తే నవ్వు. తెర వెనక గోపయ్య నన్ను పట్టుకున్నాడు.

"అదే ఏడ్పు గదరా నేనేడ్సింది? ఏమన్న తక్కువ చేసిన్నా?"

"నువ్వేం తక్కువ చెయ్యలే కాకా. వాళ్ళకు సూసేది ఎక్కువైంది."

నవ్వులపాలు కావడానికి తప్పు చేయనక్కర్లేదు, నిన్నటివాడైతే చాలు. మర్నాటి ఆటలో రాణి వచ్చీ రాగానే నేనే ఎదురెళ్ళాను. "అమ్మా, అడవికొచ్చి ఎన్నాళ్ళాయె, ఒక్క మంగలి గూడ దొర్కలేదా తల్లీ?" అన్నాను. నవ్వారు, కడుపునిండా నవ్వారు. గడ్డం సంగతి అక్కడితో ఖతం. ఆ తర్వాత గోపయ్య ఏడిస్తే నలుగురైదుగురు ముక్కులు చీదారు. నిరుటి అంత కాదు, కానీ ఆ రాత్రి గోపయ్య అన్నం తిన్నాడు. మా లెక్కలో అది విజయమే.

మిర్యాలగూడలో వేడినీళ్ళు

మిర్యాలగూడలో దవాఖాన కాంపౌండరు సామ్యేలు. కలరాను గత్తర అనేవాళ్ళం, ఆ గత్తర భయం ఉన్న రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి, నీళ్ళు కాచి తాగండని చెప్పేవాడు. ఊరికి అంతకంటే పెద్ద తమాషా దొరకలేదు.

"నీళ్ళు వండుకోని తాగాల్నట! రేపు గాలిని ఏంచుకోని పీల్చుమంటడు!"

ఫర్మాయిష్ ఇంకెవరిది? నియమం ప్రకారం సామ్యేలు ఇంటికి వెళ్ళి నీళ్ళడిగాను. వేడినీళ్ళిచ్చాడు. మే నెల.

"సల్లార్చి ఇయ్యరాదె" అన్నాను.

"సల్లారెదాంక ఉండు. ఆ లోపల ఎందుకు కాగబెట్టాల్నో చెప్త."

చెప్పాడు. నీళ్ళు చల్లారాయి, ఆయన ఆగలేదు. ఆట రోజు నేను ఆ ఉపన్యాసమంతా ఆయన గొంతుతో అప్పజెప్పాను. ఎంతసేపు మరగాలి, ఏ గుడ్డతో వడగట్టాలి, చేయి ముంచకుండా ఎట్లా తోడాలి, ఒక్కటి వదల్లేదు. జనం పడిపడి నవ్వారు. రెండురోజుల తర్వాత ఊళ్ళో నడుస్తుంటే చాలా ఇళ్ళ ముందు పొయ్యిమీద కుండలు. ఒకామె నన్ను గుర్తుపట్టి, "ఏమయ్యో, గుడ్డ రెండు మడతలేస్తె సాలునా?" అని అడిగింది. సామ్యేలు దవాఖాన గుమ్మంలో నిలబడి నన్ను చూసి దండం పెట్టాడు. వెక్కిరించానా, దండోరా వేశానా నాకే తెలియలేదు.

అప్పుడు నాకొక గర్వం వచ్చింది. ఆటనైనా, ఆలోచననైనా నవ్వు ఏమీ చేయదని. ఆట గడ్డం గీసుకుని మళ్ళీ వస్తుంది, ఆలోచన పొయ్యి మీద కూర్చుంటుంది. కానీ మనిషి అట్లా కాదు. ఆట అయ్యాక మనిషి ఇంటికి నడిచి వెళ్ళాలి. ఆ దారిలో ఎదురయ్యే ప్రతి ముఖం చూడాలి. ఇది సూర్యాపేటలో అర్థమైంది.

రూమీ టోపీ

సూర్యాపేటలో మమ్మల్ని పిలిపించినవాడు బట్టల దుకాణం వెంకటయ్య. ముప్పై ఏళ్ళవాడు, మాట కటువు. ఆట శనివారం. రాత్రిళ్ళు గుంపు కూడవద్దని హుకుం ఉండటంతో అప్పట్లో అందరం పగలే ఆడేవాళ్ళం.

"ముంషీ వేషం కట్టాలె. ఎర్ర రూమీ టోపీ పెట్టుకొని, కుచ్చు ఊపుకుంట తెలుగు సదువాలె. అ... మ్మ... అమ్మ. గట్ల."

"ఆయన నిన్నేం చేసిండన్నా?"

"ఏం చేసుడేంది? ఆ టోపీ సూస్తె సాలు, ఒళ్ళు మండుతది."

"నీకు సదువు చెప్పింది టోపీయా, కింద మనిషా?"

"నవ్విచ్చనీకి పిలిస్తె సవాల్లడుగుతవేంది? చేతనైతదా, ఇంకోన్ని సూస్కోవాల్నా?"

సంగతి ఇది. ముంషీగారు ఆ ఊరి బడిలో రెండు తరాల పిల్లలకు ఉర్దూలో పాఠం చెప్పాడు. బజారు తెలుగు ఆయనకు బాగానే వచ్చు, కూరగాయల బేరంలో ఆయన్ను ఎవరూ గెలవలేదు. కానీ తెలుగు అక్షరాలు రావు. సర్కారు మారాక, పాఠం తెలుగులో చెప్పాలి, చెప్పగలిగితే ఉండు, లేకపోతే ఇంటికి పో అన్నారు. ఆ వయసులో ఆయన వాచకం కొనుక్కుని మొదలుపెట్టాడు. తరగతిలో పిల్లలతో పాటు కూడబలుక్కుని చదివేవాడు. పిల్లలు నవ్వారు. తర్వాత సందుల్లో ఆయన వెనక నడుస్తూ చదివారు. ఆయన గురువారం నుంచి బడికి పోవడం మానేశాడు. సోమవారం కూడా పోకపోతే ఇంకొకర్ని పెడతామని కబురు పంపారు.

శుక్రవారం నేను ఆయన ఇంటికి వెళ్ళి మంచినీళ్ళడిగాను. రాగి గ్లాసు నిండా, చేతికే ఇచ్చాడు. చేయి వణుకుతోంది. ఆ వణుకు ఎట్లా పట్టుకోవాలా అని నేను చూస్తున్నాను. పని మనిషిని అట్లా చేస్తుంది.

"తాగు బేటా. నా నకల్ చెయ్యనీకి వచ్చినవ్ గదా?" అన్నాడు ఆయన.

నీళ్ళు పొలమారాయి. ఆయనే వీపు నిమిరాడు.

"పరేషాన్ గాకు. వెంకటయ్య చెప్పిండా? వాడు చిన్నప్పటిసంది గంతే, ఏదైనా గట్టిగ చెప్తడు, లెక్క మాత్రం తప్పు జేస్తడు. నీ కస్బు, నీ పని నువ్వు చెయ్యి. కాని ఒక్కమాట. పిల్లలు నవ్వితే సంబాళించుకుంట. పిల్లలు నవ్వకపోతే బడి ఎందుకైతది? వాళ్ళ నాయినలు నవ్వినంక మాత్రం ఏ మొఖం పెట్టుకోని లోపలికి పోవాలె?"

గ్లాసు కింద పెట్టాను.

"రేపు ఆటకు రాకుండ్రి సాబ్" అన్నాను.

తలుపు పరదా వెనకనుంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

"ఇంట్ల కూసుంటరా? కూసోండ్రి. నవ్వు సందులకెల్లి ఇంటిదాంక వస్తది. దానిక్కూడ చాయ్ పెట్టుమంటరా?"

ఆయన నవ్వాడు. ఆ తర్వాత మధ్యాహ్నమంతా ఇద్దరం ముందరి అరుగు మీద కూర్చున్నాం. నేను ఆయనకు వాచకం చదివించాను, ఆయన నాకు తన బడి చూపించాడు. బెత్తం ఏ చేతిలో ఉండేది, లోపలికి రాగానే ఎట్లా ఖాళీ కుండ మీద తట్టేవాడు, తట్టి ఏమని అడిగేవాడు.

"రోజు పాఠం కంటే ముందు అదే సవాల్. 'ఇయ్యాల నీళ్ళెవరు తెచ్చిన్రు?' అని. అందరు ఒక్కసారి జవాబు చెప్పాలె. అప్పటిదాంక సబక్ లేదు."

"ఏమని చెప్పేటోళ్ళు?"

ఆయన వాచకం పేజీ తిప్పాడు. "ఎవరో ఒకరు తెస్తరు గద బేటా" అన్నాడు.

నేను ఇంకా అడగలేదు. అప్పటికి నాకు వణికే చేయి చాలనిపించింది.

మొత్తం మనిషి

"మామా, నాతోని కాదు. నీళ్ళు తాగిన" అన్నాను లచ్చయ్య మామతో.

"ఫర్మాయిష్ తప్పితే ఊరు తప్పినట్టే. ఇంక ఈ ఊరోళ్ళు మనని పిలువరు."

"మరి నీళ్ళెందుకు తాగి రమ్మంటవ్?"

"ఆపనీకి తాగమన్ననా? మొత్తం మనిషిని కట్టనీకి తాగమన్న. టోపీ ఒక్కటే అయితే అంగట్ల దొరుకుతది. దానికి నువ్వెందుకు?"

కొత్తగా వచ్చిన తమ్ముళ్ళూ, ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. ఒక మనిషిని నవ్వులపాలు చేయడం అంటే ఆయనలో ఒక్కదాన్ని పెంచి, మిగతాది దాచడం. అందుకే అది సులువు. దాచినదంతా బయట పెడితే ఏమవుతుందో నాకు తెలియదు, అప్పటిదాకా ఎవరూ పెట్టలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు అని రాస్తే బాగుంటుంది, కానీ పట్టింది.

శనివారం అంగడి ముగిశాక జనం కూడారు. ముంషీగారు వచ్చాడు, రూమీ టోపీతోనే వచ్చాడు, ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయనకు అటూ ఇటూ కొంత జాగా ఖాళీగా ఉండిపోయింది. వెంకటయ్య స్నేహితులతో ఎదురుగా కూర్చుని నాకు సైగ చేశాడు.

నేను టోపీ పెట్టుకుని, బెత్తం పట్టుకుని వచ్చాను. కుచ్చు ఊగింది. నవ్వారు. చేయి వణికించాను. ఇంకా నవ్వారు. ముంషీగారు నా చేతిని పరీక్షగా చూస్తున్నాడు, దస్తూరీ దిద్దేవాడిలాగా. వాచకం తీయమని వెంకటయ్య కేకేశాడు. నేను తీయలేదు. బెత్తం ఎడమ చేతిలోకి మార్చుకుని, నడుం సర్దుకుని, మద్దెల పక్కనున్న కుండ మీద రెండుసార్లు తట్టాను.

నవ్వు సగంలో ఆగింది. ఏమైందో నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చూశాను. అక్కడున్న మగవాళ్ళలో సగంమంది కాళ్ళు మడుచుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు. గడ్డాలూ పొట్టలూ వచ్చినవాళ్ళు, కల్లు తాగి వచ్చినవాళ్ళు కూడా.

"ఇయ్యాల నీళ్ళెవరు తెచ్చిన్రు?" అని అడిగాను ఆయన గొంతుతో.

"రాజయ్య, సాబ్!"

నలభై యాభై గొంతులు ఒక్కసారే. వెంకటయ్యది అందరికంటే గట్టిగా. అరిచి, ఆ అరుపుకు తామే మురిసి, ఒకర్నొకరు చూసుకుని నవ్వబోయారు.

నవ్వు రాలేదు. ఉన్నట్టుండి అందరి చూపూ వెంకటయ్య వైపు తిరిగింది. అతను నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

మద్దెల వాయించే ఎల్లయ్య ఆ ఊరివాడే, నా కాలి దగ్గర నుంచి గొణిగాడు. "రాజయ్య వెంకటయ్య తమ్ముడు. వీళ్ళు సదివినన్ని రోజులు నీళ్ళు తెచ్చింది వాడే. సర్కారు మారేటప్పటి గడబిడల పోయిండు. పీనుగ గూడ దొర్కలే."

ఎవరి తూటాకు పోయాడో నేను రాయను. ఆ రోజుల్లో తూటాలు చాలా చేతుల్లో ఉండేవి. కానీ వెంకటయ్యకు టోపీ చూస్తే ఒళ్ళెందుకు మండిందో అప్పుడు తెలిసింది. కోపానికి అసలు మనిషి దొరకనప్పుడు టోపీ దొరుకుతుంది. దొరికినవాడు పక్క సందులోనే ఉంటాడు, పైగా ముసలివాడు.

నేను చూసిన అన్ని ఆటల్లో హాస్యగాడు మాట దొరక్క నిలబడ్డ ఆట అదొక్కటే. కిందపడదామా అని కూడా అనుకున్నాను, అంత దూరం వెళ్ళాను.

ముంషీగారు లేచాడు. లేవడానికి సమయం పట్టింది. వెంకటయ్య వైపు తిరిగి, ఉర్దూ కాదు, బజారు తెలుగు కూడా కాదు, అరుగు మీద నాతో చదివిన వాచకం తెలుగులో, ఒక్కొక్క మాటా చేత్తో పట్టుకుని కింద పెడుతున్నట్టు అన్నాడు.

"రాజయ్య... మంచి... బాలుడు. నీళ్ళు... నిండుగా తెచ్చేవాడు. దారిలో... ఒలికించేవాడు కాదు."

సూర్యాపేట అంగట్లో నిలబడి బాలుడు అన్నవాడిని ఇంకో రోజైతే ఆ జనం నెల రోజులు వదిలేవారు కాదు. ఒక్కరూ నవ్వలేదు. వెంకటయ్య భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలు కదులుతోంది.

"కూసో బిడ్డా" అన్నాడు ముంషీగారు, వెంకటయ్య కూర్చునే ఉన్నాడని చూడకుండా.

తర్వాత నేను టోపీ తీసి పక్కన పెట్టాను, రాణి వచ్చి ఏడ్చింది. ఆ రోజు గోపయ్యకు గడ్డం ఉందో లేదో ఎవరూ గమనించలేదు. ఆట అయ్యాక వెంకటయ్య ముంషీగారి దగ్గరికి వెళ్ళాడు. కాళ్ళు మొక్కుతాడేమో, కౌగలించుకుంటాడేమో అని మేళమంతా తొంగి చూశాం. అతను చెప్పులు వెతికి ఆయన కాళ్ళ ముందు పెట్టాడు. ఒకటి వేరేవాళ్ళది. మళ్ళీ వెతికాడు. ఇద్దరూ ఒకే సందులోకి నడిచారు.

సోమవారం

మేళం ఆదివారమే వెళ్ళిపోయింది. నేను కడుపునొప్పని చెప్పి ఒక రోజు ఉండిపోయాను. లచ్చయ్య మామ నా పొట్ట వైపు కూడా చూడలేదు. "సూసిరా" అన్నాడు.

సోమవారం పొద్దున బడి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏదో పెద్దది జరుగుతుందనుకున్నాను. ఊరంతా వచ్చి ఆయన్ను లోపలికి తీసుకెళ్తుందనీ, ఎవరో దండ వేస్తారనీ. అట్లాంటిదేమీ లేదు. ఆయన టైముకు వచ్చాడు, లోపలికి వెళ్ళాడు, కుండ మీద తట్టాడు, నీళ్ళెవరు తెచ్చారో అడిగాడు, వాచకం తెరిచాడు. మొదటి వాక్యంలోనే ఒక అక్షరం దగ్గర ఆగిపోయాడు. వెనక వరుసలో ఒకడు కిసుక్కుమన్నాడు.

"ఎవడురా నవ్వింది? లే. నీకొస్తదా?"

వాడు లేచి చదివాడు. సరిగ్గానే చదివాడు.

"షాబాష్. మల్ల చెప్పు. మెల్లగ. నేను నీ ఎనకాల అంట."

వాడు ముందు చదివాడు, ముంషీగారు వాడి వెనక అన్నాడు. రెండో వాక్యానికి పక్కవాడు కలిశాడు, తర్వాత వరుస మొత్తం కలిసింది. కాసేపటికి తరగతి అంతా గొంతెత్తి చదువుతోంది, వాళ్ళ వెనక ఒక్క ముసలి గొంతు అర మాట ఆలస్యంగా వస్తోంది.

ఆయన పేజీ తిప్పుతూ కిటికీలో నన్ను చూశాడు.

"అరె, బయటకెల్లి ఎందుకు సూస్తున్నవ్? కూసుంటె లోపటికొచ్చి కూసో, లేకుంటె పో. సబక్ నడుస్తున్నది."

లోపలికి వెళ్ళి కూర్చున్నాను.